రోజూ నడిపే థార్‌కు బీడ్‌లాక్ చక్రాలు వేయించాలా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీది పద్దెనిమిది అంగుళాల అల్లాయ్ చక్రాలున్న మహీంద్రా థార్. తిరుపతి నుంచి రేణిగుంట మీదుగా ఏర్పేడు వైపు రోజూ ఉద్యోగానికి వెళ్ళి వస్తారు. నెలకోసారి అమ్మానాన్నలను తిరుమలకు తీసుకువెళ్తారు. ఆదివారాలు స్వర్ణముఖి ఇసుకలోనో తూపిలిపాళెం తీరంలోనో బండి నడుపుతారు. పోయిన నెల తీరంలో టైరు గాలి ఒత్తిడిని తొమ్మిది పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) తగ్గించి స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు టైరు రిమ్ము నుంచి ఊడిపోయింది. మిత్రులు బీడ్‌లాక్, అంటే టైరు అంచును బోల్టులతో బిగించి పట్టే చక్రాలు, వేయించమంటున్నారు. వేయించాలా వద్దా అని అడిగారు.

వద్దు. మీ వాడకానికి బీడ్‌లాక్ అవసరం లేదు. అంతే కాదు, అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు దిగే బండికి అది అదనపు ప్రమాదం కూడా. ఆ డబ్బులో చిన్న భాగంతో మీ సమస్య పూర్తిగా తీరుతుంది. ఎలాగో తర్వాత చెబుతాను.

తిరుపతిలో ఇరవై ఏళ్ళకు పైగా చక్రాలు, సస్పెన్షన్ పని చేస్తున్నాను. నా దగ్గర రెండు బండ్లున్నాయి. ఒకదానికి ఇసుకకు వెళ్ళే రోజున బీడ్‌లాక్ వేస్తాను, రెండోదానికి ఎప్పుడూ వేయను. ఇంటివాళ్ళు ఎక్కేది రెండోదే.

ముందు బీడ్‌లాక్ చేసే పని ఏమిటో చూద్దాం. టైరు లోపలి అంచులో ఉక్కు తీగల చుట్ట ఉంటుంది, దాన్నే బీడు అంటాం. మామూలు చక్రంలో ఆ బీడును రిమ్ము అంచుకు నొక్కిపట్టి ఉంచేది లోపలి గాలి. బీడు లోపలికి జారకుండా రిమ్ములో చిన్న గట్టు కూడా ఉంటుంది, కానీ అసలు బలం గాలిదే. ముప్పై రెండు పీఎస్ఐ ఉన్నప్పుడు గాలి బీడును ఎంత బలంతో నొక్కుతుందో, ఎనిమిది పీఎస్ఐ దగ్గర అందులో నాలుగో వంతు బలంతోనే నొక్కుతుంది. ఆ స్థితిలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఇసుకను పక్కకు తోస్తే టైరు అక్కడే నిలిచిపోతుంది, రిమ్ము మాత్రం తిరుగుతుంది. బీడు గట్టు దాటి లోపలికి జారుతుంది. మీకు జరిగింది ఇదే.

బీడ్‌లాక్ చక్రంలో టైరు బయటి బీడును రిమ్ము మీద పరిచి, దాని పైన ఒక రింగు పెట్టి, చుట్టూ బోల్టులతో బిగిస్తారు. బీడును పట్టి ఉంచేది ఇక గాలి కాదు, బోల్టులు. కాబట్టి ఐదారు పీఎస్ఐకి దించినా బయటి బీడు కదలదు. మీ మిత్రులు చెప్పినది అంతవరకు నిజం. వాళ్ళు చెప్పకుండా వదిలేసినది ఒకటుంది. మార్కెట్లో ఎక్కువగా దొరికే రకం బయటి బీడును మాత్రమే పట్టుకుంటుంది. బండి కింది వైపున్న లోపలి బీడు మామూలు చక్రంలో లాగే గాలి మీద ఆధారపడి ఉంటుంది. అది ఊడే అవకాశం తక్కువే, కానీ లేకపోలేదు.

ఇంతకూ మీకు తొమ్మిది పీఎస్ఐ ఎందుకు అవసరమైంది? నా అనుభవంలో స్వర్ణముఖి ఇసుకకు పదహారు నుంచి పద్దెనిమిది సరిపోతుంది. తూపిలిపాళెంలో తీరం పైభాగాన ఉండే పొడి ఇసుకకు పదిహేను చాలు. బండి పూర్తిగా కూరుకుపోతే, బయటికి రావడానికి మాత్రమే పన్నెండు. ఆ పన్నెండు మీద నడిచే కొద్ది దూరంలో స్టీరింగ్ సగానికి మించి తిప్పకూడదు, ఉన్నట్టుండి బ్రేకు వేయకూడదు. పన్నెండు కంటే కిందికి మామూలు రిమ్ముతో వెళ్ళకూడదు. తొమ్మిదికి దించాల్సి వచ్చిందంటే రెండే కారణాలుంటాయి. గేజి తప్పు చూపించి ఉండాలి, లేదా బండిని వేగం అందుకోనివ్వకుండా మెత్తటి చోట ఆపి మళ్ళీ కదిలించి ఉండాలి. రెండింటికీ బీడ్‌లాక్ మందు కాదు.

ఇప్పుడు ఘాట్ రోడ్డు సంగతికి వస్తాను. నన్ను ఇంత పొడుగ్గా రాయిస్తున్నది అదే.

2011లో నా పాత జీపు స్టీలు రిమ్ములకు బీడ్‌లాక్ రింగులు వెల్డింగ్ చేయించాను. చేసిన చోటు పేరు ఇక్కడ అనవసరం, ఒప్పుకున్నది నేనే. అప్పటికి నాకు ఈ పని బాగానే తెలుసనుకునేవాణ్ణి. వెల్డింగ్ వేడికి రిమ్ము కొద్దిగా వంగింది, డెబ్బై కిలోమీటర్ల వేగం దాటితే స్టీరింగ్ వణికేది. బ్యాలెన్సింగ్ బరువులు వేసి సర్దుకున్నాను. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ తలకోన వెళ్ళి, చీకటిపడ్డాక భాకరాపేట ఘాట్ దిగి ఇంటికి వచ్చాం. మా అమ్మ ముందు సీట్లో కూర్చుంది. మర్నాడు పొద్దున జీపు కడుగుతుంటే ముందు ఎడమ చక్రం రింగులో బోల్టులు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రాలు కనిపించాయి. మూడు బోల్టులు లేవు. వాటి పక్కనున్న రెండు వేళ్ళతో తిప్పితే తిరిగాయి. ఐదూ పక్కపక్కనే. ఆ మలుపుల్లో ఇంకో రెండు బోల్టులు పోయి ఉంటే రింగు లేచి, టైరులోని గాలి మొత్తం ఒక్క క్షణంలో పోయేది. అదీ బరువంతా మోస్తూ మలుపు తిరిగే ముందు చక్రానికి. తడి చేతులతో అక్కడే కూర్చుండిపోయాను. ఆ రోజు నుంచి ఆ రిమ్ములు మళ్ళీ రోడ్డెక్కలేదు.

బోల్టులు ఎందుకు వదులయ్యాయో చాలామంది తెలుసుకోరు. వాటి కింద నలుగుతున్నది ఇనుము కాదు, రబ్బరు. బిగించిన రోజు ఉన్న మందం రబ్బరుకు వారం తర్వాత ఉండదు. బరువుకు, వేడికి అది నెమ్మదిగా అణిగిపోతుంది. అణిగిన మేరకు బోల్టు పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గిన బోల్టు వణుకుకు తిరుగుతుంది. ఒకటి వదిలితే దాని బరువు పక్కదాని మీద పడుతుంది. అందుకే నా బోల్టులు పక్కపక్కనే పోయాయి.

దీనికి మందు క్రమం తప్పని తనిఖీ. కొత్తగా బిగించాక మొదటి వంద కిలోమీటర్లకు ప్రతి బోల్టునూ టార్క్ రెంచితో, అంటే బిగింపును కొలిచే రెంచితో, మళ్ళీ చూడాలి. ఆ తర్వాత కూడా తరచూ చూస్తూ ఉండాలి. చక్రానికి ఇరవై నాలుగు బోల్టులనుకుంటే నాలుగు చక్రాలకు తొంభై ఆరు. ఈ బోల్టులు సన్నవి. చాలా కంపెనీలు వాటికి చెప్పే బిగింపు ఇరవై నుంచి ఇరవై ఏడు న్యూటన్ మీటర్ల లోపే. చక్రం నట్లకు పడే బిగింపు దీనికి ఎన్నో రెట్లు. అలవాటైన చేత్తో మెకానిక్ వీటిని కూడా అలాగే లాగితే మర సాగిపోతుంది, పైకి మాత్రం గట్టిగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పోటీలకు బండి నడిపేవాళ్ళు ఈ తనిఖీని సంతోషంగా చేస్తారు, ఎందుకంటే వాళ్ళ బండి నెలకు రెండు రోజులే కదులుతుంది. మీరు పొద్దున ఎనిమిదికి ఆఫీసుకు బయలుదేరాలి. మొదటి నెల చూస్తారు. ఆరో నెలలో చూడరు. ఇది మీ మీద నింద కాదు. రోజూ నడిచే ఏ బండి విషయంలోనైనా జరిగేది ఇదే, చాలామంది విషయంలో చూశాను.

తిరుమల రెండో ఘాట్ ఎక్కి మొదటి ఘాట్ దిగుతారు కదా. దిగేటప్పుడు ఒక్కో హెయిర్‌పిన్ మలుపులో బండి బరువు బయటి వైపు ముందు చక్రం మీదకు ఒరుగుతుంది. బ్రేకుల వేడి రిమ్ముకు ఎక్కుతుంది. రబ్బరును అణిచే బరువు, వేడి, రెండూ అక్కడ కలిసి పనిచేస్తాయి. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్ళే దారిలో మొగిలి ఘాట్ గురించి కూడా ఇదే మాట చెబుతాను.

పంక్చర్లు. మన జిల్లాల్లో మట్టిబాట పట్టిన బండికి తుమ్మముల్లు తప్పదు. దానికి బీడ్‌లాక్ ఏ సాయమూ చేయదు. టైరు నేలను తాకే నడక భాగంలో దిగిన చిన్న ముల్లుకు బయటి నుంచి ప్లగ్గు వేసుకోవచ్చు, బీడ్‌లాక్ ఉన్నా లేకపోయినా ఆ పని ఒకటే. తేడా వచ్చేది టైరు విప్పాల్సినప్పుడు. కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీ బాటలో తిరిగే ఒకరు బీడ్‌లాక్ వేసిన బండితో నా దగ్గరికి వచ్చారు. రాతి అంచు టైరు పక్కగోడను కోసేసింది. దారిలో రెండు పంక్చరు షాపులవాళ్ళు ఆ రింగును చూసి చేయి పెట్టలేదు. వాళ్ళను తప్పుపట్టలేం. వాళ్ళ యంత్రం మామూలు రిమ్ముకు చేసింది, ఈ బోల్టులకు తగిన సాకెట్టు కూడా వాళ్ళ దగ్గర ఉండదు. నేను విప్పేసరికి ఎర్రమట్టి పట్టి రెండు బోల్టులు బిగుసుకుపోయాయి, ఒకదాని తల తెగిపోయింది. డ్రిల్లు పెట్టి తీయాల్సి వచ్చింది. ఒక్క టైరుకు సగం రోజు.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి గుర్తుపెట్టుకోండి. టైరులో గాలి ఉండగా బీడ్‌లాక్ రింగు బోల్టును ఒక్కటి కూడా వదులు చేయకూడదు. వాల్వు పిన్ను పూర్తిగా బయటికి తీసి, గాలి ఆడడం లేదని చేత్తో చూసుకున్నాకే రెంచి పెట్టాలి. లోపల ఒత్తిడి ఉండగా బోల్టులు తీస్తే రింగు మనిషి మీదికి ఎగురుతుంది. ప్రాణం పోతుంది. తెలియని కుర్రాడి చేతికి ఆ చక్రం ఇచ్చి టీ తాగడానికి వెళ్ళవద్దు.

బరువు గురించి కొంచెం. రింగు, బోల్టులు కలిపి ఒక్కో చక్రానికి సుమారు మూడు నాలుగు కిలోలు పెరుగుతుంది, స్టీలు రకమైతే ఇంకా ఎక్కువ. ఆ బరువు స్ప్రింగుల కింద, చక్రం బయటి అంచున తిరుగుతుంది. తిప్పడానికీ ఆపడానికీ ఎక్కువ శక్తి కావాలి, గుంతలో పడినప్పుడు దెబ్బ గట్టిగా తగులుతుంది. పైగా ఇలాంటి రిమ్ములు చాలావరకు టైరును బయటికి నెట్టే ఆఫ్‌సెట్‌తో వస్తాయి. స్టీరింగ్ బరువెక్కుతుంది, బేరింగుల మీద లాగుడు పెరుగుతుంది, వెనక వచ్చే బైకు మీదికి రాళ్ళు ఎగురుతాయి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. రిమ్ము మార్చిన ప్రతివాడినీ పట్టుకుంటారని కాదు. ప్రమాదం జరిగిన రోజున బీమా వాళ్ళకు అడగడానికి మీరే ఒక ప్రశ్న అందించినట్టవుతుంది. దుకాణంలో ‘అమెరికా రవాణా శాఖ ఆమోదించిన చక్రం’ అని చెబితే నమ్మవద్దు. ఆ శాఖ ఏ చక్రానికీ ఆమోదముద్ర వేయదు, ప్రమాణాలకు సరిపోతుందని తయారీదారే ధ్రువీకరించుకోవాలి. అక్కడ ఫోర్డ్ బ్రాంకో, జీప్ రాంగ్లర్‌లలో కొన్ని రకాలకు బీడ్‌లాక్ రింగు బిగించుకునే వీలున్న చక్రాలు ఇస్తారు. కానీ అసలు బిగింపు రింగును కార్ఖానాలో వేసి పంపరు, కావలసినవాళ్ళు విడిగా కొనుక్కోవాలి. బండి తయారుచేసినవాళ్ళే అంత జాగ్రత్త పడుతున్నారు.

మరి బీడ్‌లాక్ ఎవరికి కావాలి? బండల మీద అడుగడుగునా టైరును పిండుతూ ఎక్కే పోటీ బండ్లకు కావాలి. గోవాలో 2014 నుంచి జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ లాంటి చోట్ల, ఎనిమిది పీఎస్ఐ కింద రోజంతా పనిచేయాల్సిన బండికి కావాలి. ఆ బండ్లను చాలావరకు లారీ మీదో ట్రైలర్ మీదో తీసుకువెళ్తారు. మీ ఇంటి చుట్టూ అలాంటి నేల ఎక్కడుంది? శేషాచలంలో బండలు ఉన్నమాట నిజమే, కానీ అది రక్షిత అడవి, అనుమతి లేకుండా బండి తీసుకువెళ్ళే చోటు కాదు. పలమనేరు వైపు కౌండిన్య అడవిలో ఏనుగులు తిరుగుతాయి, అదీ అంతే. మిగిలినవి ఏటి ఇసుక, మామిడితోటల ఎర్రమట్టి బాటలు, సముద్రతీరం. వీటిలో దేనికీ పన్నెండు పీఎస్ఐ దాటి కిందికి వెళ్ళక్కరలేదు.

గాలి సంచిలాంటి గొట్టాన్ని టైరు లోపల పెట్టి రెండు బీడులనూ పట్టే రకం గురించి కూడా ఎవరైనా చెప్పవచ్చు. అది మంచి ఆలోచనే, ఇసుక ఎడారుల్లో బాగా పనిచేస్తుంది. దానికి రిమ్ములో రెండో వాల్వు కోసం రంధ్రం చేయాలి, బ్యాలెన్సింగ్ సరిగ్గా కుదరదు. రోజూ హైవే మీద నడిచే బండికి నేను వేయను.

ఇప్పుడు మీరు కొనవలసినవి. మొదటిది, మంచి గేజి. ఐదు నుంచి ముప్పై ఐదు వరకు స్పష్టంగా చూపేది కావాలి. వంద పీఎస్ఐ వరకు గీతలున్న గేజిలో తొమ్మిదికీ పన్నెండుకూ తేడా తెలియదు. మీ ఊడిన టైరుకు అసలు కారణం అదే కావచ్చని నా అనుమానం. రెండోది, నేరుగా బ్యాటరీ టెర్మినళ్ళకు తగిలించే కంప్రెసరు. సిగరెట్ లైటరు సాకెట్టుకు పెట్టే చిన్నది ఈ పెద్ద టైర్లు నింపలేక వేడెక్కి ఆగిపోతుంది. గాలి నింపుకోవడం సులువైతేనే గాలి తగ్గించడానికి మనసొప్పుతుంది, తారు రోడ్డెక్కే ముందు తిరిగి నింపడానికి బద్ధకం వేయదు. మెత్తటి టైరుతో హైవే మీద వేగంగా పోతే పక్కగోడ వేడెక్కి చిరిగిపోతుంది, అది బీడు ఊడడం కంటే ప్రమాదం.

మూడోది మీ ఇష్టం. మీ టైరు 255/65 ఆర్18, అంటే పక్కగోడ ఎత్తు దాదాపు 166 మిల్లీమీటర్లు. అదే తరం థార్‌లో కొన్ని రకాలకు కంపెనీ ఇచ్చిన 245/75 ఆర్16 టైరులో అది దాదాపు 184. గాలి తగ్గించినప్పుడు సాగి నేలను పట్టేది ఈ పక్కగోడే. ఆ పదహారు అంగుళాల కంపెనీ రిమ్ములు దొరికితే, మీ బ్రేకు కాలిపర్‌కు (చక్రం లోపల బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) తగలకుండా సరిపోతాయో లేదో ముందు ఒక చక్రం ఎక్కించి తిప్పి చూసి, అప్పుడు తీసుకోండి. ఇసుకలో మీకు వచ్చే లాభం బీడ్‌లాక్ ఇచ్చేదానికి తక్కువేమీ ఉండదు.

మళ్ళీ ఎప్పుడైనా బీడు ఊడితే కంగారుపడవద్దు. నాకు తూపిలిపాళెంలో రెండుసార్లు ఊడింది, రెండుసార్లూ అరగంటలో బయలుదేరాం. జాకీ కింద వెడల్పాటి చెక్క పెట్టి చక్రాన్ని లేపండి. బీడుకు, రిమ్ముకు మధ్య ఇసుకను నీళ్ళతో శుభ్రంగా కడగండి, ఒక్క గింజ మిగిలినా గాలి కారుతుంది. బీడు చుట్టూ సబ్బునీళ్ళు రాయండి. టైరు నడక భాగం చుట్టూ రాచెట్ బెల్టు (సామాను కట్టే బిగింపు పట్టీ) వేసి బిగిస్తే పక్కగోడలు బయటికి ఉబ్బి రిమ్ముకు తాకుతాయి. వాల్వు పిన్ను తీసేసి కంప్రెసరు పెట్టండి, గాలి వేగంగా వెళ్తుంది. బీడు పట్టడం మొదలుకాగానే బెల్టు వదులు చేయండి. టప్‌మని రెండు చప్పుళ్ళు వినిపించాక పిన్ను బిగించి మామూలుగా నింపండి. పెట్రోలో స్ప్రేనో చల్లి నిప్పు పెట్టే పద్ధతిని వీడియోల్లో చూసి ప్రయత్నించవద్దు, చేతులు కాలినవాళ్ళను చూశాను.

ఇంతా చదివాక కూడా బీడ్‌లాక్ మీద మనసుంటే, నేను చేసినట్టే చేయండి. విడిగా నాలుగు చక్రాల సెట్టు ఒకటి కొనండి, వెల్డింగ్ చేసినవి కాకుండా కంపెనీ తయారీవి. ఇసుకకు వెళ్ళే రోజున మాత్రమే వేసుకుని, రాగానే తీసి మామూలువి ఎక్కించండి. కొండకు వాటితో వెళ్ళకండి.

అన్నట్టు, ఊడిన ఆ టైరును మళ్ళీ ఎక్కించాక లోపల చూశారా? బీడు ఊడినప్పుడు రిమ్ము అంచు కొన్నిసార్లు పక్కగోడను లోపల నుంచి నలిపేస్తుంది, బయటికి ఏమీ కనిపించదు. ఈ నెల అమ్మానాన్నలతో తిరుమల బయలుదేరే లోపు ఆ ఒక్క టైరును విప్పించి, లోపల రబ్బరు పొడి రాలిందేమో, వేలితో తడిమితే గరుకుగా తగిలే చోటు ఉందేమో చూపించండి. ఉంటే దాన్ని మార్చేయండి. చూపించాక ఏమి తేలిందో ఇక్కడ రాయండి.